చెవి కనపడకపోతే వినపడదా?



ఈ నెలలో మీ ఆరో క్లాసు బాబు గానీ పాప గానీ స్కూల్ నుంచి వచ్చి, హాల్లో బోర్లా పడుకుని, చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని పొట్టతో పాకడానికి ప్రయత్నించి ఉంటే కంగారు పడకండి. తెల్ల చొక్కా ముందు భాగమంతా దుమ్ముకొట్టుకుపోయి ఉంటే ఆ సర్ఫ్ ఖర్చు నా ఖాతాలో రాసుకోండి. సీల్ నేల మీద ఎలా కదులుతుందో ఎవరైనా చేసి చూపిస్తారా అని సైన్స్ పీరియడ్‌లో అడిగాను. ఒక్కరు వస్తారనుకుంటే బెంచీల మధ్య సందుల్లో పదకొండు మంది దిగారు.

ఒక నాన్నగారు డైరీలో మర్యాదగానే రాశారు: "మేడమ్, ఇది సిలబస్‌లో ఉందా?" నిజం చెప్పాలంటే సగం ఉంది. జంతువుల ఆవాసాల పాఠం చెప్పేటప్పుడు సముద్రంలో బతికే క్షీరదాలు అని తిమింగలం, డాల్ఫిన్, సీల్ పేర్లు వస్తాయి. ఒక్క వాక్యం. పిల్లలు దాన్ని అండర్‌లైన్ చేసుకుని, బట్టీపట్టి, పరీక్షలో రాసి, ఒక మార్కు తెచ్చుకుని మర్చిపోతారు. ఈసారి మాత్రం ఆ వాక్యం దగ్గర మేం వారం పైగా ఆగిపోయాం. ఎందుకు ఆగామో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందుగా ఆ పేరుతోనే తిప్పలు. సీల్ అనగానే మన పిల్లలకి గుర్తొచ్చేది ఆఫీసు రూమ్‌లో గుండ్రటి ముద్ర. ఒకమ్మాయి అయితే "షాపుకి వేస్తారు కదా మేడమ్, తాళం వేసి లక్కతో" అంది. వాళ్ళని అనడానికి లేదు. మన దేశపు తీరంలో సీల్స్ నివాసం లేదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం ఒడ్డున నడుచుకుంటూ వెళ్ళినా ఒక్కటి కనపడదు. మంకు సీల్ అనే రెండు జాతులు హవాయిలోనూ మధ్యధరా సముద్రంలోనూ వెచ్చటి నీళ్ళలో ఉన్నాయి గానీ, మిగతావి చాలావరకు చల్లటి సముద్రాలవి. మంచు మీద పుట్టి పెరిగేవి కూడా ఎన్నో. కాబట్టి మా పిల్లలకి సీల్ అంటే టీవీలో చూసింది, వర్క్‌షీట్‌లో చూసింది, అంతే.

ఆ వర్క్‌షీట్ దగ్గరే కథ మొదలైంది. బొమ్మ ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, మెడ నిక్కించి, ముక్కు మీద రంగుల బంతి నిలబెట్టిన జంతువు. కింద ఇంగ్లీషులో సీల్ అని రాసి ఉంది. అదే పేజీలో అడుగున ట్రూ ఆర్ ఫాల్స్: సీల్‌కి బయటి చెవులు ఉండవు. చివరి బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. మామూలుగా వాడు చెయ్యెత్తితే మంచినీళ్ళకే. "మేడమ్, బొమ్మలో దీనికి చెవి ఉంది" అన్నాడు. అందరం చూశాం. నిజమే. తల పక్కన చింతాకంత చెవి, పాపం ఆ బొమ్మ వేసినాయన జాగ్రత్తగానే వేశాడు. వేసింది సీ లయన్‌ని. పేరు పెట్టిన వాళ్ళే సీల్ అని పెట్టారు. సర్కస్‌లో, కార్టూన్లలో బంతి ఆడించే జంతువు దాదాపు ఎప్పుడూ సీ లయనే.

ఇక అక్కడి నుంచి పిల్లలు వదల్లేదు. అయితే రెంటికీ తేడా ఏమిటి?

మీ ఇంట్లో కూడా ఈ ప్రశ్న వచ్చే అవకాశం ఉంది కాబట్టి మీకూ చెప్తాను. సీ లయన్లు, ఫర్ సీల్స్ ఒక కుటుంబం. వీటికి చిన్నవైనా బయటికి కనపడే చెవి డొప్పలు ఉంటాయి. ఇంగ్లీషులో వీటిని చెవులున్న సీల్స్ అంటారు. రెండో కుటుంబం చెవుల్లేని సీల్స్. శాస్త్రవేత్తలు అసలు సీల్స్ అనేది వీటినే. హార్బర్ సీల్, గ్రే సీల్, హార్ప్ సీల్, ఎలిఫెంట్ సీల్, అంటార్కిటికాలో ఉండే వెడెల్ సీల్, ఇవన్నీ ఆ కుటుంబమే. తల పక్కన చూస్తే ఒక చిన్న రంధ్రం మాత్రం ఉంటుంది.

చెవి కంటే పెద్ద తేడా వెనక కాళ్ళలో ఉంది, పిల్లలకి బాగా అర్థమైందీ అదే. సీ లయన్ తన వెనక కాళ్ళని పొట్ట కిందికి ముందుకి తిప్పుకోగలదు. అందుకే నాలుగు కాళ్ళ మీద లేచి నడుస్తుంది, రాళ్ళ మీద గబగబా ఎక్కేస్తుంది. చెవుల్లేని సీల్‌కి ఆ కాళ్ళు వెనక్కే ఉండిపోయాయి, ముందుకి తిరగవు. ఒడ్డుకి వస్తే పొట్ట మీద గొంగళిపురుగులా ఎగిరెగిరి జరగాల్సిందే. మా వాళ్ళు పాకింది ఇదే. నీళ్ళలోకి దిగితే మాత్రం లెక్క మారిపోతుంది. సీ లయన్ ముందు రెక్కలతో తెడ్డు వేసినట్టు ఈదుతుంది. సీల్ వెనక కాళ్ళని చేప తోకలా అటూ ఇటూ ఊపుతూ దూసుకుపోతుంది. నేల మీద ఎందుకూ పనికిరాని ఆ కాళ్ళే నీళ్ళలో దాని ఇంజిన్.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, కాంపిటీటివ్ పరీక్షల వాళ్ళకి ఇష్టమైన తిరకాసు. పొడవాటి దంతాలుండే వాల్రస్‌కి కూడా బయటి చెవులు లేవు. కానీ అది వెనక కాళ్ళు ముందుకి తిప్పి నడవగలదు. చెవి చూస్తే సీల్, కాళ్ళు చూస్తే సీ లయన్. అందుకే దానికి విడిగా ఒక కుటుంబం, అందులో అది ఒక్కటే జాతి. చెవులు లేవు కాబట్టి సీల్ అని రాస్తే వాల్రస్ దగ్గర బోల్తా పడతారని పిల్లలకి గట్టిగా చెప్పాను.

మరి తిమింగలాలు, డాల్ఫిన్లు? వాటికీ చెవి డొప్పలు లేవు కదా అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. సముద్రంలో కనపడే క్షీరదాలన్నీ చుట్టాలని మనం అనుకుంటాం. కావు. నేల మీద బతికిన వేర్వేరు జంతువులు వేర్వేరు కాలాల్లో నీళ్ళలోకి దిగాయి. సీల్స్ వచ్చింది మాంసాహార జంతువుల వైపు నుంచి, ఎలుగుబంటికీ కుక్కకీ దూరపు బంధువులు. తిమింగలాలు, డాల్ఫిన్లు వచ్చింది గిట్టల జంతువుల వైపు నుంచి, ఈనాటి బతికున్న జంతువుల్లో వాటికి దగ్గరి చుట్టం నీటిగుర్రం. డ్యూగాంగ్ అనే సముద్రపు ఆవుకి దగ్గరి చుట్టం ఆవు కాదు, ఏనుగు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో గోల ఆపడానికి రెండు నిమిషాలు పట్టింది.

తిమింగలం గిట్టల జంతువు నుంచి వచ్చిందని ఎలా తెలిసిందన్న దానికి మన దేశంలో ఒక ఆధారం దొరికింది, అది కూడా చెవి ఎముకే. రంగారావు గారని ఒక భారతీయ భూగర్భ శాస్త్రవేత్త కాశ్మీర్ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్ళు సేకరించి పెట్టారు. ఆయన పోయాక చాలా రాళ్ళు అలాగే పగలకుండా ఉండిపోయాయి. ఆయన భార్య వాటిని జాగ్రత్తగా దాచి, చివరికి తెవిసెన్ అనే శాస్త్రవేత్తకి అప్పగించారు. అక్కడ ఒక పుర్రెని శుభ్రం చేస్తుంటే పొరపాటున చెవి భాగం విరిగింది. విరిగిన చోట లోపలి ఎముక ఒక పక్క మందంగా కనపడింది. అలాంటి చెవి ఎముక తిమింగలాలకే ఉంటుంది. సన్నటి కాళ్ళు, గిట్టలు ఉన్న, పిల్లి కంటే పెద్దగా ఉండని ఆ జంతువు పేరు ఇండోహ్యూస్. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ నాటిది. 2007లో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. భర్త పోయాక ఇంటి నిండా ఉన్న రాళ్ళని ఎవరికో అమ్మేయకుండా, పారేయకుండా ఏళ్ళ తరబడి కాపాడిన ఆవిడ పేరు పాఠ్యపుస్తకంలో రాదు. నాకైతే ఈ కథలో ఆవిడే హీరోయిన్.

సరే, మళ్ళీ చెవుల్లేని సీల్ దగ్గరికి వద్దాం. ఇయర్‌లెస్ అనే ఇంగ్లీషు మాట మా క్లాసులో ఒక చిక్కు తెచ్చింది. పిల్లలు గ్రామర్ పీరియడ్‌లో హోమ్‌లెస్, హోప్‌లెస్, యూజ్‌లెస్ అన్నీ చదివి ఉన్నారు. కాబట్టి ఇయర్‌లెస్ అంటే పాపం చెవిటిది అని తేల్చేశారు. ఇంగ్లీషు మీడియంలో నాకు తరచూ ఎదురయ్యే సంగతే ఇది. మాట వస్తుంది, స్పెల్లింగ్ వస్తుంది, దాని వెనక ఉన్న జంతువు రాదు. అందుకే ఆ రోజు పాఠం కాసేపు తెలుగులోనే నడిపాను. గాలిలో శబ్దాన్ని పోగుచేసుకోవడానికి మనకి చెవి డొప్ప పనికొస్తుంది. నీళ్ళలో వేగంగా ఈదే జంతువుకి అది అడ్డం. చెవుల్లేని సీల్‌కి పోయింది డొప్ప మాత్రమే, లోపలి చెవి చక్కగా ఉంది. మునిగినప్పుడు ఆ రంధ్రం మూసుకుంటుంది, నీళ్ళలో శబ్దం తల ఎముకల మీదుగా లోపలికి చేరుతుంది. మనం సుమారు 20 వేల హెర్ట్జ్ దాకా వినగలం. హార్బర్ సీల్ నీళ్ళ కింద దానికి రెట్టింపుకి మించిన శబ్దాన్ని కూడా వింటుంది. చెవి డొప్పలున్న సీ లయన్ నీళ్ళలో అంత పైస్థాయి శబ్దం వినలేదు.

వినడమే కాదు, నేర్చుకుంటుంది కూడా. 1971లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో తల్లి లేని ఒక హార్బర్ సీల్ పిల్ల దొరికితే ఒక కుటుంబం దాన్ని ఇంటికి తెచ్చి పెంచింది. ముందు బాత్‌టబ్‌లో, తర్వాత చెరువులో. వాక్యూమ్ క్లీనర్‌లా దొరికిందల్లా లాగించేస్తోందని హూవర్ అని పేరు పెట్టారు. తర్వాత బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ అక్వేరియంకి ఇచ్చారు. అక్కడ పెద్దయ్యాక ఒకనాడు అది మాట్లాడటం మొదలుపెట్టింది. "హలో దేర్", "కమ్ ఓవర్ హియర్", తన పేరు. మొరటు మగ గొంతుతో, ఆ పెంచినాయన యాసతో. 1985లో చనిపోయేదాకా అక్వేరియంకి వచ్చిన వాళ్ళని అలాగే పలకరించేది. స్కాట్లండ్ శాస్త్రవేత్తలు 2019లో గ్రే సీల్స్‌కి "ట్వింకిల్ ట్వింకిల్" ట్యూన్ నేర్పిస్తే మొదటి స్వరాలు పలికాయి. మా యూకేజీ టీచర్‌కి ఈ విషయం చెప్తే "వాటికి ఎన్ని రోజులు పట్టింది మేడమ్?" అని చాలా సీరియస్‌గా అడిగారు.

ఇక కళ్ళూ చెవులూ రెండూ పనిచేయకుండా చేసి కూడా చూశారు. జర్మనీ శాస్త్రవేత్తలు ఒక హార్బర్ సీల్‌కి కళ్ళకి గంతలు కట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, నీళ్ళలో ఒక బుల్లి జలాంతర్గామిని వదిలారు. అది వెళ్ళిపోయాక సీల్‌ని వదిలితే, నీళ్ళలో మిగిలిన అలజడిని మీసాలతో పసిగట్టి అదే దారిలో వెళ్ళి పట్టుకుంది. చేప వెళ్ళిపోయిన దారి కూడా దానికి అలాగే తెలుస్తుందని 2001లో ఈ ప్రయోగం వల్ల అర్థమైంది.

ఈత గురించి ఎక్కువ చెప్పను, మీ పిల్లలు చెప్తారు. ఒక్కటి మాత్రం మీకు ముందుగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు దాన్ని మీ మీద ప్రయోగిస్తారు. ఎలిఫెంట్ సీల్ 2 వేల మీటర్లకి పైగా లోతుకి మునగగలదు. మునిగే ముందు ఊపిరి బిగపట్టదు, వదిలేస్తుంది. ప్రాణవాయువుని ఊపిరితిత్తుల్లో కంటే రక్తంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది కాబట్టి. సముద్రంలో నెలల తరబడి ఉన్నప్పుడు అది రోజుకి సగటున రెండు గంటలే నిద్రపోతుందని 2023లో తేలింది, అదీ మునుగుతూ పది నిమిషాల కునుకుల్లో. ఈ సంగతిని దయచేసి టెన్త్ క్లాసు అన్నలకీ అక్కలకీ ఆదర్శంగా చూపించవద్దు. ఎలిఫెంట్ సీల్ ఒడ్డుకొచ్చాక రోజుకి పది గంటలకి పైగా పడుకుంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను.

తిమింగలానికీ డాల్ఫిన్‌కీ డ్యూగాంగ్‌కీ నేలతో పని లేదు. కానుపు కూడా నీళ్ళలోనే. సీల్ మాత్రం సముద్రానికి పూర్తిగా అమ్ముడుపోలేదు. బిడ్డని కనడానికి అది ఒడ్డుకో మంచు మీదకో రావాలి. తిండి సముద్రంలో, బిడ్డ ఒడ్డు మీద. ఉద్యోగం ఒక ఊళ్ళో, ఇల్లు ఒక ఊళ్ళో అన్నట్టు. ఈ చిక్కుని రెండు కుటుంబాలూ రెండు రకాలుగా పరిష్కరించుకున్నాయి.

చెవుల్లేని సీల్స్‌లో చాలా జాతుల తల్లి ముందే ఒళ్ళంతా కొవ్వు పట్టించుకుని వస్తుంది. బిడ్డ పుట్టాక కదలదు, తినదు, తన ఒంట్లో ఉన్నదంతా పాలుగా మార్చి ఇచ్చేస్తుంది. గేదె పాలలో వెన్న ఏడు శాతం అటూ ఇటూ ఉంటే మనం చిక్కటి పాలంటాం. ఉత్తర అట్లాంటిక్ మంచు మీద బతికే హుడెడ్ సీల్ పాలలో కొవ్వు 60 శాతం. పుట్టినప్పుడు ఇరవై కిలోలు దాటి ఉండే పిల్ల నాలుగు రోజుల్లో దాదాపు రెట్టింపు అవుతుంది. నాలుగు రోజులే. ఆ మంచు పలకలు ఎప్పుడు విరిగిపోతాయో తెలియదు కాబట్టి అంత తొందర. నాలుగో రోజు అయ్యాక తల్లి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. క్షీరదాలన్నింటిలోకీ ఇంత తక్కువ కాలం పాలిచ్చే తల్లి మరొకటి లేదు. గ్రే సీల్‌కి సుమారు మూడు వారాలు, ఎలిఫెంట్ సీల్‌కి నాలుగు వారాలు. అందరూ ఒకేలా కాదు లెండి. హార్బర్ సీల్ పిల్ల పుట్టిన కొన్ని గంటలకే తల్లితో పాటు ఈదుతుంది. వెడెల్ సీల్ తల్లి వారాల తరబడి పిల్లని నీళ్ళలోకి వెంట తీసుకెళ్తుంది.

నాలుగు రోజులు అనగానే క్లాసు నవ్వింది. సంక్రాంతి సెలవులంత కూడా లేదు మేడమ్ అన్నారు. మధ్య వరసలో ఒక పాప నవ్వలేదు. జూన్‌లో హాస్టల్లో చేరిన పాప. అమ్మా నాన్నా ఇద్దరూ వేరే ఊళ్ళో, షిఫ్టు డ్యూటీలు. చెయ్యెత్తి అడిగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది మేడమ్?"

"రాదమ్మా."

"రాదని పిల్లకి తెలుసా?"

అబద్ధం చెప్పడం చాలా తేలిక. పదకొండేళ్ళ పిల్ల కళ్ళలోకి చూస్తూ సైన్స్ పీరియడ్‌లో అబద్ధం చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు. "తెలుసని చెప్పడానికి లేదు. కొన్ని రోజులు ఎదురు చూస్తూ పడుకుంటుంది. దాని ఒంట్లో అమ్మ పెట్టిన కొవ్వు ఉంటుంది కాబట్టి వారాలపాటు ఏమీ తినకపోయినా బతుకుతుంది" అని చెప్పాను. తర్వాత ఎలిఫెంట్ సీల్ పిల్లల సంగతి చెప్పాను. కాలిఫోర్నియా తీరంలో తల్లులు వెళ్ళిపోయాక పాలు మానిన పిల్లలన్నీ గుంపులుగా ఒక చోట చేరతాయి. రెండు నెలలకి పైగా అలా ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి. లోతు లేని నీళ్ళలో దిగి, ఊపిరి ఆపడం, మునగడం వాటంతట అవే సాధన చేస్తాయి. నేర్పే పెద్ద సీల్ ఒక్కటీ ఉండదు. అప్పుడు ఒక అబ్బాయి "మన హాస్టల్ లాగా" అన్నాడు. "వార్డెన్ సార్ లేని హాస్టల్" అని ఇంకొకడు సరిదిద్దాడు. ఆ పాప కొంచెం నవ్వింది గానీ పూర్తిగా కాదు.

మర్నాడు రెండో కుటుంబం. చెవులున్న వాళ్ళు. సీ లయన్, ఫర్ సీల్ తల్లులకి అంత కొవ్వు నిల్వ ఉండదు. కొద్ది రోజులు పిల్ల దగ్గరుండి, తిండి కోసం సముద్రంలోకి వెళ్ళి, మళ్ళీ వచ్చి పాలిచ్చి, మళ్ళీ వెళ్తాయి. ఇలా నెలల తరబడి. మన హిందూ మహాసముద్రంలోనే, బాగా దక్షిణాన, ఆమ్‌స్టర్‌డామ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి ఫర్ సీల్ తల్లులు ఒక్కసారి వెళ్తే రెండు మూడు వారాలకి గానీ రావు. తిరిగొచ్చేసరికి ఒడ్డు మీద వందలాది పిల్లలు. తన పిల్లని ఎలా కనిపెట్టాలి? పిలుస్తుంది. పిల్ల ఆ గొంతు విని జవాబిస్తూ పరిగెత్తుకొస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు అక్కడ ఒక సంగతి గమనించి 2001లో ప్రకటించారు. పిల్లకి తల్లి గొంతు గుర్తుపట్టడం వచ్చేది పుట్టిన రెండు నుంచి ఐదు రోజుల లోపు. తల్లి మొదటిసారి సముద్రంలోకి వెళ్ళేది ఆ తర్వాతే. పిల్ల తన గొంతు నేర్చుకునేదాకా తల్లి కదలదు. ఉత్తర పసిఫిక్‌లోని మరో జాతి ఫర్ సీల్స్‌లో అయితే తల్లీ బిడ్డా నాలుగేళ్ళ తర్వాత కూడా ఒకరి గొంతు ఒకరు గుర్తుపట్టారని అంతకు ఏడాది ముందే తేలింది.

ఆ రోజు నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఆ పాప పేజీలో రెండు జంతువుల బొమ్మలు, ఇంగ్లీషులో తేడాల పట్టిక నీట్‌గా ఉన్నాయి. ఫర్ సీల్ బొమ్మ కింద మాత్రం ఒక లైను తెలుగులో రాసుకుంది: అమ్మ వెళ్ళేముందు గొంతు నేర్పించి వెళ్తుంది. మా సైన్స్ నోట్‌బుక్కులు ఇంగ్లీషులోనే ఉండాలన్నది నియమం. ఆ లైను పక్కన టిక్ పెట్టి సంతకం చేశాను.

పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వాళ్ళమ్మగారు వచ్చారు. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా బస్సెక్కి వచ్చారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్రోగ్రెస్ కార్డు చూశారు, సంతకం పెట్టారు. నేను ఆ పేజీ తీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఆదివారం ఫోన్‌లో మేము మార్కులే మాట్లాడతాం మేడమ్. పది నిమిషాలు ఇస్తారు. ఏ టెస్టులో ఎంత, నీళ్ళు తాగుతున్నావా, బట్టలు ఉతికిస్తున్నారా, అయిపోతుంది. ఇంకేం మాట్లాడాలో తెలియదు" అన్నారు. ఆ కుటుంబం పరిస్థితి నాకు తెలుసు. ఇద్దరూ ఆ డ్యూటీలు చేయకపోతే ఈ ఫీజు కట్టలేరు. పిల్లని ఇంట్లో పెట్టుకుంటే రాత్రిళ్ళు చూసే పెద్దవాళ్ళు లేరు. పిల్లల్ని హాస్టల్లో వేసిన వాళ్ళకి మనసు లేదని తేలిగ్గా అనేవాళ్ళు, నాలుగు రోజుల్లో ఒంట్లో కొవ్వు కరిగించి బిడ్డకి పోసి వెళ్ళే తల్లిని ఏమంటారో నాకు తెలియదు. ఇంటర్ రెండేళ్ళూ నేనూ హాస్టల్లోనే చదివాను. మా నాన్నకి ఫోన్‌లో మాటలు రావు. ప్రతిసారీ మా గేదె ఎన్ని లీటర్లు ఇచ్చిందో, పక్కింటి వాళ్ళు గోడ ఎంతవరకు లేపారో చెప్పేవారు. నాకు ఆ గోడ ఎత్తు ఇప్పటికీ గుర్తుంది, ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులొచ్చాయో గుర్తులేదు.

అదే ఆవిడతో అన్నాను. ఈ పూట ఏం వండారో చెప్పండి, బస్సులో ఎవరు కలిశారో చెప్పండి. చెప్పిన టైమ్‌కి ఫోన్ చేయండి, ఐదు నిమిషాలైనా సరే. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పోయిన ఆదివారం ఫోన్ అయ్యాక ఆ పాప పరిగెత్తుకొచ్చి, వాళ్ళమ్మ ఆస్పత్రి క్యాంటీన్‌లో పిల్లి మూడు పిల్లల్ని పెట్టిందట అని రూమంతా చెప్పిందని వార్డెన్ మేడమ్ అన్నారు.

యూనిట్ టెస్టులో ఈ పాఠం నుంచి రెండు మార్కుల ప్రశ్న ఒకటే ఉంటుంది: సీల్‌కీ సీ లయన్‌కీ రెండు తేడాలు. మీ పిల్లలు అదనపు షీట్ అడిగి మరీ రాస్తారని నా అంచనా.

వచ్చే నెల డ్యూగాంగ్. ఇది మన దేశంలోనే ఉంది. పాక్ బేలో, మన్నార్ గల్ఫ్‌లో, కచ్ గల్ఫ్‌లో, అండమాన్ చుట్టూ సముద్రపు గడ్డి మేస్తూ బతుకుతోంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ బేలో దాని కోసం 448 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ప్రకటించింది. రామేశ్వరం వెళ్ళొచ్చిన వాళ్ళ దగ్గర ఆ తీరం ఫోటోలు ఉంటే పిల్లలతో పంపించండి, నోటీస్ బోర్డు మీద పెడతాం. దానికీ చెవి డొప్పలు లేవని చివరి బెంచీ అబ్బాయి అప్పుడే చూసుకొచ్చాడు.